కొట్టుగదిలో పిల్లాడు ఏమని అరిచాడు?

మాడ్రిడ్, 1983 ఫిబ్రవరి

పిన్నికి,

గాస్పార్ రాస్తున్నాను. నువ్వు క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే, ఒక కళాకారుడు ఉండగలిగినంత మేరకు.

నా తర్వాతి సినిమా మన ఇంటి గురించి. కంగారు పడకు, నిజానికి మన ఇంటి గురించి కాదు, మన దేశం గురించి. దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సేనాని పోయి ఇన్నేళ్ళయినా మనందరి లోపలా గడియ వేసిన గది ఒకటి ఉంది. ఆ గడియ తీయడం నా తరం దర్శకుల బాధ్యత. సినిమా పేరు ‘నిశ్శబ్ద గర్భం’. నిర్మాతకి ఈ పేరు నచ్చలేదు కాబట్టి మంచి పేరే అయి ఉండాలి.

కథ చిన్నది. ఒక పల్లెటూరు, యుద్ధం తర్వాతి రోజులు. పెళ్ళికాని పిన్ని ఒకతె అక్క కొడుకుని కొట్టుగదిలోకి తోసి గడియ వేస్తుంటుంది. ఇంటికో రోజు చొప్పున ఊరంతా తిరిగే మేరీమాత విగ్రహం పెట్టె ఆ ఇంటి వంతుకి వచ్చినప్పుడల్లా ఇలా జరుగుతుంది. అవతల ప్రార్థన, ఇవతల చీకట్లో పిల్లాడు. నాకు ఊహ తెలియని రోజులు అవి. అయినా ఆ చీకటి, ఆ గడియ చప్పుడు, గడియ వేసే నీ చెయ్యి నాకు ఇప్పటికీ కలల్లోకి వస్తాయి.

సినిమాలో పిన్ని పేరు ఎవారిస్తా. వేరే పేర్లు చాలా పెట్టి చూశాను. ఏదీ నీ పేరంత చీకటిగా లేదు. అమ్మ పోయింది కాబట్టి ఆవిడ నొచ్చుకుంటుందన్న భయం లేదు. ఎటూ ఆమె పాత్ర మంచిదే, సినిమా పొడుగునా కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంది. నాన్న పాత్ర తీసేశాను, నిడివి ఎక్కువైంది.

జూన్‌లో మన ఇంట్లోనే షూటింగ్ పెట్టుకోవాలని ఉంది. స్క్రిప్టు జతచేశాను. నీ అనుమతి కోసం ఎదురుచూస్తాను.

గాస్పార్

---

తోర్రెమెలేరా, మార్చి

నాయనా గాస్పార్,

ఉత్తరం అందింది. ఏళ్ళ తరబడి ఒక్క ముక్క రాయనివాడివి, నన్ను రాక్షసిని చేస్తున్నానని చెప్పడానికి రాశావు. ఏదో ఒక వంకన గుర్తొచ్చాను, సంతోషం.

స్క్రిప్టు చదివాను. వాక్యాలు బాగున్నాయి. కొన్ని సవరణలు మాత్రం చేసుకో, లేకపోతే ఊళ్ళో నవ్విపోతారు. మొదట్లోనే నేను ఒక పిల్లిని గొంతు నులిమి చంపుతాను. నాకు పిల్లులంటే ప్రాణమని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. కోడిని పెట్టుకో. కోళ్ళని చాలానే చంపాను, నీకే వండిపెట్టాను, ఎముకలు కూడా వదలకుండా తిన్నావు.

‘పైకప్పు నుంచి వేలాడే శవాల నీడలు’ అని రాశావు. అవి సాసేజీలు నాయనా. చలికాలం పందిని కోసినప్పుడు పేగుల్లో మాంసం కూరి ఆరబెట్టేవాళ్ళం. ఒక్కోసారి నేను తలుపు తీసేసరికి కిందికి వేలాడే శవం ఒకటి సగానికి కొరికి ఉండేది.

మరొకటి. నన్ను నల్లబట్టల్లో యాభై ఏళ్ళ ముసలిదాన్ని చేశావు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నీలం పూల గౌను ఒకటి ఉండేది, అది వేసుకుంటే వీధిలో బళ్ళు ఆగేవి. చీకటి సినిమాలో పూల గౌను ఇమడదంటే నీ ఇష్టం.

గడియ వేసిన మాట నిజమే, అది మార్చక్కర్లేదు. మా అక్క కిటికీ దగ్గర ఏడ్చిన మాటా నిజమే. ఆ రెండూ ఉన్నవి ఉన్నట్టు ఉంచు. ఎందుకు, ఏమిటి అని మాత్రం తవ్వకు. సినిమాకి అంత అవసరం ఉండదు, మీ సినిమాల్లో ఎవరు ఎందుకేం చేస్తారో ఎటూ అర్థం కాదు కదా.

ఇల్లు వాడుకో. నన్ను అడగాలా? నువ్వు మాత్రం సత్రంలో దిగకు, ఇంట్లోనే పడుకో.

నీ పిన్ని ఎవారిస్తా

---

మాడ్రిడ్, ఏప్రిల్

పిన్నికి,

నీ పెద్దమనసుకి కృతజ్ఞుణ్ణి. పిల్లి ఉంటుంది. అది ప్రతీక.

నీ పాత్ర వేస్తున్న మికాయెలా వచ్చేవారం నీ దగ్గరికి వస్తోంది. గొప్ప నటి. ఏ పాత్ర వేసినా ఆ మనిషి ఇంట్లో కొన్నాళ్ళు బతికి, లోపలి నుంచి చదువుతుంది. కిందటిసారి శవాలు కడిగే మనిషి పాత్ర కోసం ఏం చేసిందో నీకు చెప్పను.

ఆమెకి ఒకటే కావాలి, కారణం. ఆ వయసు పిల్లాణ్ణి ఒక మనిషి ఎందుకు అంతగా ద్వేషిస్తుంది? నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు పిన్నీ. ముప్పై ఏడేళ్ళు వచ్చాయి, తెలియకుండా బతకడం అలవాటైపోయింది. ఆమెకి మాత్రం చెప్పు.

గాస్పార్

---

తోర్రెమెలేరా, మే

నాయనా గాస్పార్,

నీ గొప్ప నటి వచ్చింది, తిన్నది, పడుకుంది, వెళ్ళింది. మంచి పిల్ల. ఎముకలగూడులా వచ్చి, కాస్త ఒళ్ళు చేసి వెళ్ళింది. మొదటి రోజంతా నా వెనకాలే తిరుగుతూ నేను గిన్నెలు ఎలా తోముతానో చూసి పుస్తకంలో రాసుకుంది. మర్నాటి నుంచి తనే తోమింది. వెల్లుల్లి చారు పెట్టడం వచ్చేసింది. కాబట్టి సినిమా ఆడకపోయినా బతకగలదు.

పిల్లాణ్ణి ద్వేషిస్తూ చూడటం ఎలాగో చూపించమంది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వచ్చేశానని గుర్తొచ్చినట్టు చూడు అన్నాను. అద్దం ముందు ప్రయత్నించింది. నాకే భయం వేసింది.

కారణం కూడా అడిగింది. నాకు ఆ పిల్లాడి మీద ద్వేషం లేదన్నాను. దాన్నీ రాసుకుంది, కింద గీత కూడా గీసింది.

ఊళ్ళో సంగతి అడగకు. మేయరు కొత్తగా కట్టించిన నీళ్ళ ఫౌంటెన్ సినిమాలో పడాల్సిందే అంటున్నాడు. కథ జరిగేనాటికి ఈ ఫౌంటెనే లేదయ్యా అంటే, కలలో పెట్టమనండి, ఇలాంటి సినిమాల్లో కలలుంటాయిగా అన్నాడు. గిటార్ వాయించే కొత్త ఫాదర్ పాత ఫాదర్ వేషం వేస్తాడట. మీది చీకటి సినిమా అని తెలిసినప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఒక చీకటి పుట్టుకొచ్చింది. మా తాత ఎక్కువ దుర్మార్గుడంటే మా తాత ఎక్కువ దుర్మార్గుడని మాంసం కొట్టు దగ్గర కొట్టుకున్నంత పని చేశారు. నిరుటిదాకా వాళ్ళంతా పుణ్యపురుషులే.

మీరు షూటింగ్ చేసినన్నాళ్ళు నేను సలమాంకాలో మా చుట్టం విసిత దగ్గర ఉంటాను. నన్ను నేనే రాక్షసిగా చూసుకుంటూ మీ అందరికీ వండిపెట్టే ఓపిక నాకు లేదు. తాళంచెవి మన వీధి బాసిలీసా దగ్గర ఉంచాను. మేడమీది గదిలో కొత్త దుప్పటి పరిచాను, చల్లగాలి వస్తే కింద గదిలోకి మారు.

పిన్ని

---

తోర్రెమెలేరా, జూన్

పిన్నికి,

నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని నీకు ఉత్తరం రాయడం వింతగా ఉంది. ఇవాళ నా సినిమా నాకు దొరికింది.

ప్రార్థన దృశ్యం తీస్తున్నాం. మేరీమాత పెట్టె తలుపులు తెరిచి బల్ల మీద పెట్టాం. చుట్టూ ఊరి ఆడవాళ్ళు, మధ్యలో పెత్రొనీలా వేషం వేసినావిడ. అసలు పెత్రొనీలా నీకు గుర్తుండే ఉంటుంది, అప్పటి ఫాదర్‌గారి అక్క, ఊరి నీతికంతటికీ కావలి. కొట్టుగదిలోంచి పిల్లాడి కేక వినపడగానే ఆడవాళ్ళు ఉలిక్కిపడి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళు చూసుకోరు. చివరికి బాసిలీసా చేతులు నడుం మీద పెట్టుకుని నా మీదికి వచ్చింది.

“మేం అలా ఉలిక్కిపడలేదు బాబూ. పిల్లాడు నోరు తెరవగానే మేం గొంతు పెంచేవాళ్ళం. జపమాల ఎంత గట్టిగా చదివేవాళ్ళమంటే, వాడి మాట ఆ పెత్రొనీలా చెవిన పడితే ఒట్టు.”

మిగతావాళ్ళంతా తలూపారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. ఏ ఇంటికైనా పెట్టెని పక్కింటివాళ్ళే చేరవేసేవారట. మన ఇంటికి మాత్రం పెత్రొనీలా తనే మోసుకొచ్చి, ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడి ఇల్లంతా కళ్ళతో వెతికేదట.

అర్థమైందా పిన్నీ? నేనింతకాలం నువ్వొక్కదానివే అనుకున్నాను. ఊరు ఊరంతా కలిసి దేవుడి పేరు చెప్పుకుంటూ ఒక పిల్లాడి కేకని మింగేసింది. ఒక జాతి జాతంతా చేసింది ఇదే. క్లైమాక్స్ మార్చేశాను. ఒక్కొక్క ముసలిదాని మొహం తెరనిండా చూపిస్తాను, పెదవులు ప్రార్థిస్తూ, కళ్ళు చచ్చిపోయి.

ఎందుకలా చేశారని బాసిలీసాని అడిగాను. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడిపోతున్నాయని చెప్పి వెళ్ళిపోయింది. షూటింగ్ కోసం ఊరంతా పొద్దుటి నుంచి ఇక్కడే ఉంది, ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

గాస్పార్

---

సలమాంకా, జూన్

గాస్పార్,

బాసిలీసాకి వయసు మీదపడింది, నోటికి ఏదొస్తే అది అంటుంది.

ఆ దృశ్యం తీసెయ్. నేను ఇంతవరకూ నిన్ను ఏమీ అడగలేదు. పిల్లిని చంపించావు, ఊరుకున్నాను. ముసలిదాన్ని చేశావు, ఊరుకున్నాను. నన్ను ఏం చేసుకున్నా నీ ఇష్టం, ఆ ఆడవాళ్ళ జోలికి పోకు. వాళ్ళ గురించి నీకేమీ తెలియదు.

పిన్ని

---

మాడ్రిడ్, సెప్టెంబరు

పిన్నికి,

ఆ దృశ్యం తీసెయ్యలేదు. తీసెయ్యలేను. చూసిన ప్రతివాడూ సినిమా అంతా ఆ ఒక్క దృశ్యం కోసమే ఉందంటున్నాడు. నిర్మాత కూడా కళ్ళు తుడుచుకున్నాడు, అయితే ఆయనకి కంటి జబ్బు ఉంది.

ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. డబ్బింగ్ జరుగుతోంది. కెమెరా మూసిన తలుపు మీదే ఉంటుంది కాబట్టి లోపల పిల్లాడు ఏమని అరిచినట్టయినా పెట్టుకోవచ్చు. ‘తలుపు తియ్యండి’ అని పెట్టాను, అబద్ధంలా ఉంది. ‘భయమేస్తోంది’ అని పెట్టాను, రేడియో నాటకంలా ఉంది. చివరికి నేనే మైకు ముందు నిలబడి దీపాలు ఆర్పించాను. ఆ గదిని తలుచుకుని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. సౌండు మనిషి చాలాసేపు ఓపిక పట్టి కాఫీ తాగి వస్తానని వెళ్ళిపోయాడు.

మన ఊరి బారుకి ఫోన్ చేసి బాసిలీసాని పిలిపించాను. నేను ఏమని అరిచేవాణ్ణి అని అడగ్గానే పెట్టేసింది. మిగతావాళ్ళు ఫోన్ దగ్గరికే రాలేదట. ఆ ముసలమ్మలకి నా కేక గుర్తుంది, నాకే గుర్తులేదు. ఇది సినిమా కోసం మాత్రమే అడుగుతున్నానని నేను అనుకోవడం మానేశాను.

నేను ఏమని అరిచాను పిన్నీ?

గాస్పార్

---

తోర్రెమెలేరా, సెప్టెంబరు

నాయనా,

పసిపిల్లలు ఏమని అరుస్తారు? మంచినీళ్ళు అని పెట్టు. లేదా సాసేజీ అని పెట్టు, నిజానికి దగ్గరగా ఉంటుంది. ఏమీ పెట్టకపోయినా మీవాళ్ళు గొప్పగానే ఉందంటారు.

ఇక్కడ ద్రాక్ష కోతలు మొదలయ్యాయి. ఫోన్‌లో దగ్గుతున్నావని బాసిలీసా అంది, తగ్గిందా?

పిన్ని

---

మాడ్రిడ్, అక్టోబరు

పిన్నికి,

దగ్గు తగ్గింది. నీ హాస్యం తగ్గలేదు.

సరే, నేనే తేల్చుకున్నాను. పిల్లాడు ‘అమ్మా’ అని అరుస్తాడు. ఏ పిల్లాడైనా అరిచేది అదేనని మికాయెలా అంది. ఎడిటింగ్ గదిలో అతికించి చూశాం, అందరికీ ఒళ్ళు జలదరించింది. వెంటనే కిటికీ దగ్గర ఏడుస్తున్న అమ్మని చూపిస్తాను. పిల్లాడు ఆమెనే పిలుస్తున్నాడు, ఆమెకి వినపడుతోంది, కదలదు. ఇన్నాళ్ళూ తప్పంతా నీ ఒక్కదాని మీదే పెట్టాను, అది అన్యాయం. నువ్వు కనీసం గడియ వేశావు. ఆవిడ కన్నబిడ్డ కేక వింటూ నిలబడి ఏడ్చింది, అంతే. అందరికంటే పెద్ద దోషి అమ్మే, సగ్రారియోనే. చివరి షాట్ ఆమె మొహం మీద ఆగుతుంది.

వచ్చేవారం ప్రింట్ తీస్తున్నాం, ఆ తర్వాత మార్చడం కుదరదు.

గాస్పార్

---

తోర్రెమెలేరా, అక్టోబరు

నాయనా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, పోస్టులో ఆలస్యం అవుతుందని.

అలా చెయ్యకు. మాట నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, మనిషినే తప్పు పట్టుకున్నావు. నువ్వు అరిచింది ‘అమ్మా’ అనే. పిలిచింది మాత్రం సగ్రారియోని కాదు. ఆవిడని అప్పటికి నువ్వు ఒక్కసారి కూడా అలా పిలవలేదు. కిటికీ దగ్గర ఏడ్చింది అందుకే. నువ్వు పిలిచిన మనిషి ఆ కొట్టుగది తలుపుకే వీపు ఆనించి, జపమాల తిప్పుతూ, పెత్రొనీలా మొహంలోకి చూసి నవ్వుతూ నిలబడి ఉండేది.

నిన్ను కన్నది నేను. మీ నాన్న కత్తులు సానపట్టేవాడు. ఎండాకాలం పిల్లనగ్రోవి ఊదుకుంటూ వచ్చాడు, ఊదుకుంటూనే పోయాడు. నీ సినిమాకి ఏ ఫాదరో, సైన్యాధికారో అయితే నప్పేది. అప్పట్లో నాకు ఆ ఆలోచన తట్టలేదు. అక్కకీ బావ ఇల్దెఫోన్సోకీ పిల్లలు లేరు. నన్ను బిల్బావో పట్నం తీసుకెళ్ళి చలికాలమంతా అక్కడ ఉంచారు. తిరిగొచ్చేటప్పుడు నువ్వు అక్క చేతుల్లో ఉన్నావు. ఊళ్ళో పెళ్ళికానివాళ్ళు కన్న బిడ్డల్ని లాక్కుని అనాథాశ్రమానికి పంపించే పని పెత్రొనీలాదే. మా వీధిలోనే ఒక పసిబిడ్డని అలా పంపించింది, ఆ బిడ్డ మళ్ళీ ఎవరికీ కనపడలేదు. ఆవిడకి మా ఇంటి మీద అనుమానం. పెట్టె తనే మోసుకొచ్చేది అందుకే. పాలిచ్చేది నేను కాబట్టి నువ్వు నన్నే అమ్మా అనేవాడివి, ఎంతమంది ఉన్నా అలాగే అనేవాడివి. ఆవిడ వింటే అంతే సంగతులు. పిల్లాడు నిద్రపోతున్నాడని చెప్పి కొట్టుగదిలో పెట్టేదాన్ని.

మిగతా ఆడవాళ్ళందరికీ తెలుసు. పాలు చేపి తడిసిన రవిక దాచుకోవడం అంత తేలిక కాదు. పొద్దున లేస్తే ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకునే మనుషులే. నీ విషయంలో మాత్రం ఎవరూ ఎవరితోనూ అనుకోకుండానే గొంతు పెంచారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నాతో ఒక్క ముక్క ఎత్తలేదు. ఒక జాతి జాతంతా ఏం చేసిందో నాకు తెలియదు నాయనా. మా వీధి ఆడవాళ్ళు చేసింది మాత్రం ఇది. వాళ్ళ మొహాలేనా నువ్వు తెర నిండా చచ్చిపోయిన కళ్ళతో చూపించేది?

నీకు దారుణమే కావాలంటే ఒకటుంది, అది నీ సినిమాలో లేదు. నువ్వు పెద్దవాడివవుతున్నావు, ఎల్లకాలం గదిలో పెట్టలేను. అందుకని నీకు ‘పిన్ని’ అనడం నేర్పాను. అమ్మా అంటే పలికేదాన్ని కాదు. నువ్వు పడి మోకాలు చీరుకుపోయి అమ్మా అని ఏడ్చినా వెనక్కి తిరిగేదాన్ని కాదు. పిన్నీ అంటే పరిగెత్తుకొచ్చి ఎత్తుకునేదాన్ని. చురుకైన పిల్లాడివి, తొందరగానే నేర్చుకున్నావు. నువ్వు తడబడకుండా పిన్నీ అన్న రోజున అక్క తీపి రొట్టె చేసి అందరికీ పెట్టింది. నేను కొట్టుగదిలోకి వెళ్ళి లోపల గడియ వేసుకున్నాను.

నీకు ఎప్పటికీ చెప్పనని అక్కకి మాటిచ్చాను. నువ్వు తప్పించావు. ఆవిడ బతికినన్నాళ్ళూ నీకు అమ్మే, ఆ పేరు ఆవిడకే ఉండనీ. తెర మీద ఆవిడని దోషిని చేశావంటే నేను నీ మొహం చూడను. నన్ను మాత్రం రాక్షసిగానే ఉంచు. నాకేం ఇబ్బంది లేదు. సినిమా సంగతి తెలిసినప్పటి నుంచి మాంసం కొట్టువాడు భయపడి మంచి ముక్కలు ఇస్తున్నాడు.

ఎవారిస్తా

---

మాడ్రిడ్, డిసెంబరు

ఎవరికి అని రాయాల్సిన చోట ఖాళీ వదిలేశాను. ఇన్నాళ్ళూ జవాబు ఆలస్యం అయింది కూడా అక్కడే. కాగితం ముందు పెట్టుకుంటాను, మొదటి మాట రాయాలి, చెయ్యి అలవాటు కొద్దీ ‘పిన్నికి’ అని రాసేస్తుంది. చింపేస్తాను. నువ్వు నేర్పింది చాలా బాగా నేర్పావు.

సినిమా విడుదలైంది. అమ్మ మొహం మీద ఆగే షాట్ తీసేశాను. ముసలమ్మల మొహాలు తీసేశాను. మూసిన తలుపు ఒకటే ఉంది, దాని మీద జపమాల చదివే గొంతులు. ఆ గొంతులు పెంచమని సౌండు మనిషికి చెప్పాను. పెంచాడు. ఇంకా పెంచమన్నాను. ఇంతకంటే పెంచితే లోపల పిల్లాడి కేక వినపడదు సార్ అన్నాడు. వినపడకూడదు అన్నాను. నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి పెంచాడు. బాసిలీసాకి చెప్పు, మాడ్రిడ్‌లో అంత పెద్ద హాల్లో ఆవిడ గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు.

అప్పుడే వెనక వరసలో కూర్చుని నేను ఏడ్చాను. పక్కనున్న విమర్శకుడు దర్శకుడి నిజాయితీ అని రాశాడు. ఈ దేశపు సామూహిక పాపం మీద ఇంత నిర్దయగా ఎవరూ సినిమా తీయలేదని కూడా రాశాడు. మికాయెలా చూపులోని అగాధం గురించి ఒక పేజీ రాశారు. ఆ చూపుకి బహుమతి కూడా వచ్చింది. పొయ్యి మీది పాల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

సినిమా అయ్యాక విలేకరులు చుట్టూ మూగారు. లోపల పిల్లాడు ఏమని అరిచాడో చెప్పండి అని ఒకమ్మాయి పట్టుకుంది. గడియలు తీయడం నా బాధ్యత అని నేనే ఊరూరా చెప్పుకు తిరిగినవాణ్ణి కదా. నాకు తెలియదన్నాను. మళ్ళీ అడిగింది. పక్కవాళ్ళతో పెద్దగా ఏదో మాట్లాడటం మొదలుపెట్టాను, ఆ పిల్ల ప్రశ్న ఎవరికీ వినపడనంత గట్టిగా.

శనివారం బస్సుకి వస్తున్నాను. షూటింగ్ కోసం కాదు, ఊరికే. బస్సు దగ్గరికి ఊరంతా వస్తుంది కాబట్టి వాళ్ళ ముందు పిన్నీ అనే పిలుస్తాను. ఇంటికెళ్ళి, వాళ్ళంతా వెళ్ళిపోయాక రెండో మాట అని చూస్తాను. ఇక్కడ గదిలో ఒంటరిగా సాధన చేస్తున్నాను, ఇంకా నోరు తిరగడం లేదు. అక్కడా తిరగకపోతే నవ్వకు. పలుకు చాలు.

గాస్పార్